ఫోను లాక్కోవాలా, హాస్టల్‌కు పంపాలా అని అడిగిన అమ్మకు

మీరు అడిగింది ఇది. పదో తరగతిలో ఊరంతా చెప్పుకునే మార్కులు తెచ్చుకున్న మీ అబ్బాయిని ఇంటర్ ఎంపీసీలో చేర్చి హాస్టల్లో ఉంచారు. దసరా సెలవులకు వచ్చినవాడు తిరిగి వెళ్లనని భీష్మించుకున్నాడు. రాత్రి రెండింటి దాకా ఫోను, పగలు పన్నెండింటి దాకా నిద్ర. ఏమైందంటే ‘ఏమీ లేదు’ తప్ప రెండో మాట లేదు. వాళ్ల నాన్నగారు ఫోను లాక్కుంటే రెండు పూటలు అన్నం మానేశాడు. ఎనిమిదో తరగతి చదువుతున్న చెల్లెలు ఇదంతా బిక్కుబిక్కుమంటూ చూస్తోంది. ఫోను పూర్తిగా తీసేయాలా, బలవంతంగానైనా తీసుకెళ్లి దింపి రావాలా, మీ గారాబమే వాణ్ని చెడగొట్టిందా అని అడిగారు.

గారాబం సంగతి ముందే తేల్చేస్తాను. కాదమ్మా. పదో తరగతి దాకా బాగానే ఉన్న పిల్లవాడు నాలుగు నెలల్లో ఇలా మారాడంటే, కారణం కోసం మీ పదహారేళ్ల పెంపకాన్ని తవ్వుకోవడం వృథా. ఆ నాలుగు నెలల్లో వెతకాలి. మీరు రాసినదాంట్లో ఫోను గురించి చాలా ఉంది, హాస్టల్లో ఏం జరిగిందన్నది ఒక్క ముక్క లేదు. మీకు తెలియదు కాబట్టే లేదు. పైగా ఇలాంటి హాస్టళ్లలో పిల్లల దగ్గర ఫోను ఉండనివ్వరు. జూన్ నుంచి ఫోను ముట్టనివాడు అక్కడికి వెళ్లనంటున్నాడంటే ఆ విముఖత ఫోనులోంచి పుట్టింది కాదు. ఫోను మన కళ్లెదుట ఉంటుంది, దాని మీద కోపం తెచ్చుకోవడం తేలిక. అందుకే ప్రతి ఇంట్లోనూ ముద్దాయి అదే అవుతోంది.

నేను జూనియర్ కళాశాలల్లో చాలా ఏళ్లు భౌతికశాస్త్రం చెప్పాను, ఆ తర్వాత ఈ వయసు పిల్లలతో, వాళ్ల తల్లిదండ్రులతో మాట్లాడే పనిలోనే ఉన్నాను. ఆ అనుభవంతో చెబుతున్నాను. సెలవులకు వచ్చి వెనక్కి వెళ్లనని మొండికేసే పిల్లల్లో ‘చదవడం ఇష్టం లేక’ అలా చేసేవాళ్లు బహు తక్కువ. చదవాలని ఉండి, చదవలేకపోతున్నామని సిగ్గుపడేవాళ్లే ఎక్కువ.

ఆ సిగ్గు ఎలా మొదలవుతుందో నా సబ్జెక్టులోంచే చెబుతాను. మొదటి సంవత్సరం భౌతికశాస్త్రంలో తొలి వారాల్లోనే వెక్టర్లు, ఆ వెంటనే చలనం వస్తాయి. జేఈఈ స్థాయిలో చెప్పేటప్పుడు లెక్చరర్ బోర్డు మీద అవకలనం, సమాకలనం వాడేస్తాడు. గణితం తరగతిలో ఆ పాఠం ఇంకా చాలా దూరంలో ఉంటుంది. వేసవిలోనే బ్రిడ్జి తరగతులకు వెళ్లినవాళ్లకు, ఎనిమిదో తరగతి నుంచే ఫౌండేషన్ చదివినవాళ్లకు అది తెలుసు. జూన్‌లో కొత్తగా వచ్చి కూర్చున్న మీ అబ్బాయికి తెలియదు. పక్కవాళ్లందరూ తలలూపుతుంటారు. ఊళ్లో మొదటి స్థానంలో ఉన్నవాడికి ‘సార్, అర్థం కాలేదు’ అనడానికి నోరు పెగలదు. వారాంతపు పరీక్షలో సెక్షన్ మొత్తంలో ఎనభయ్యో, తొంభయ్యో స్థానం వస్తుంది. రెండు మూడు పరీక్షల తర్వాత సెక్షన్ దించుతారు. ఆ మార్కులు ఫోను సందేశంగా ఇంటికి వస్తాయి. ఆదివారం మాట్లాడుకునే అయిదు నిమిషాల్లో మనం అడిగే మొదటి మాట, ‘ఏమిట్రా, ఈసారి ఇంత తగ్గాయి?’

నాకు తెలిసిన ఒక అబ్బాయికి ప్రతి శనివారం రాత్రి జ్వరం వచ్చేది. మందుబిళ్లలు వేశారు, రక్తపరీక్షలు చేయించారు. ఏమీ తేలలేదు. ఆదివారం ఉదయం తండ్రి ఫోను చేస్తాడన్న భయమే అదని బయటపడటానికి నెలలు పట్టింది. ఆ తండ్రి దుర్మార్గుడేమీ కాదు, కొడుకంటే ప్రాణం పెట్టే మనిషి. మార్కులు తప్ప కొడుకుతో మాట్లాడటానికి ఇంకేముంటుందో ఆయనకు తోచలేదు, అంతే.

మీ అబ్బాయి విషయంలో ఇదే జరిగిందని నేను అనను. గదిలో పెద్ద పిల్లల వేధింపు కావచ్చు, ఎవరైనా కొట్టి ఉండవచ్చు, మాటతీరునో రంగునో కులాన్నో పట్టుకుని ఎగతాళి చేసి ఉండవచ్చు. ఒంటి మీద దద్దుర్లో, మరుగుదొడ్డి ఇబ్బందో కావచ్చు. మగపిల్లలు చెప్పుకోలేక నలిగిపోయే లైంగిక వేధింపు కావచ్చు. ‘మగపిల్లవాడు కదా, వాడికేమవుతుంది’ అన్న ధీమా వద్దు. పిల్లలపై లైంగిక నేరాలను శిక్షించే 2012 నాటి పోక్సో చట్టం పద్దెనిమిదేళ్లలోపు ఆడపిల్లలకూ మగపిల్లలకూ ఒకేలా వర్తిస్తుంది.

మరి వాడి నోటి నుంచి ఎలా రప్పించాలి? ఎదురుగా కూర్చోబెట్టి, తల్లీతండ్రీ ఇద్దరూ చెరోవైపు చేరి అడిగితే రాదు. ఈ వయసు పిల్లలు కళ్లలోకి చూస్తూ మనసు విప్పరు. పక్కపక్కన ఉన్నప్పుడు, చేతుల్లో ఏదో పని ఉన్నప్పుడు మాట్లాడతారు. బండి మీద వెనక కూర్చుని వెళ్తూ, చిక్కుడుకాయలు వొలుస్తూ, మిద్దె మీద బట్టలు తీస్తూ అడగండి. ‘ఎందుకు వెళ్లవు?’ అని మాత్రం అడగవద్దు. ఆ ప్రశ్నకు ‘ఏమీ లేదు’ అన్న జవాబు వాడి నాలుక మీద సిద్ధంగా ఉంది. జవాబుగా ఒక దృశ్యం చెప్పాల్సి వచ్చేలా అడగండి. ‘పొద్దున ఎన్నింటికి లేపుతారు? లేపేది ఎవరు? నీ గదిలో ఎంతమంది? నీ మంచం ఏ పక్కన? అన్నం ఎవరితో కలిసి తింటావు? ఏ గంట మోగితే కడుపులో తిప్పినట్టు ఉంటుంది?’ ఒక పూటకు ఒకటో రెండో చాలు. ‘ఎవరితోనూ కాదు, ఒక్కణ్నే తింటాను’ అన్న జవాబు వచ్చిందనుకోండి, మీకు సగం కథ తెలిసినట్టే.

చెప్పడం మొదలుపెట్టాక ఇంకా జాగ్రత్తగా ఉండాలి. వాడు రెండు వాక్యాలు చెప్పగానే మనకు సలహా తన్నుకొస్తుంది. ఆపుకోండి. ‘అలాగా, తర్వాత?’ అనండి చాలు. ‘మీ నాన్న అప్పు చేసి కట్టాడురా’ అనే మాట ఈ నెల రోజులూ మీ ఇంట్లో వినపడకూడదు. ఫీజు ఎంతో, ఎన్ని విడతలో, ఏ పొలం కాగితాలు ఎక్కడ పెట్టారో పిల్లలకు మనకంటే బాగా గుర్తుంటుంది. ఆ మాట వినగానే వాడికి తాను కొడుకుగా కాక తీర్చలేని బాకీగా కనిపిస్తాడు. ‘పక్కింటివాడు చదవడం లేదా’ అన్నది కూడా అటువంటిదే. ఏడిస్తే ఏడవనివ్వండి, ‘మగపిల్లవాడివి, ఏడుస్తావేమిటి’ అనకండి.

ఇక ఫోను. ముందు నిద్ర గురించి ఒక విషయం తెలుసుకుంటే సగం కోపం తగ్గుతుంది. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల పిల్లలకు రోజుకు ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలి. పైగా యుక్తవయసులో ఒంట్లోని గడియారం ఒకటి రెండు గంటలు వెనక్కి జరుగుతుంది. నిద్రను తెచ్చే మెలటోనిన్ అనే హార్మోను వాళ్లలో ఆలస్యంగా ఊరుతుంది. రాత్రి పదకొండు దాకా స్టడీ అవర్, తెల్లవారుజామున అయిదింటికి గంట ఉన్న చోట ఆ పిల్లవాడికి దొరికింది ఆరు గంటలే. ఇంటికి వచ్చిన కొత్తలో పగటి నిద్ర బద్ధకం కాదు, నాలుగు నెలల బాకీ. అయితే ఇప్పుడు అర్ధరాత్రి ఫోను వెలుగు, ఒకదాని వెంట ఒకటి దొర్లిపోయే వీడియోలు ఆ గడియారాన్ని ఇంకా వెనక్కి నెడుతున్నాయి. కాబట్టి పోరాటం ఫోనుతో కాదు, రాత్రి ఫోనుతో. పగలు ఒక గంట ఎక్కువ చూశాడని రభస చేయకండి. రాత్రిని మాత్రం వదలకండి.

దానికి లాక్కోవడం పనికిరాదు. ఈ వయసులో లాక్కుంటే పోయేది ఫోను కాదు, మీకు కనపడేలా ఫోను వాడే అలవాటు. స్నేహితుడి పాత ఫోనొకటి తలగడ కిందికి వస్తుంది. ఇంటి మొత్తానికి ఒకే నియమం పెట్టండి. రాత్రి పదిన్నరకు అందరి ఫోన్లూ హాల్లో ఛార్జింగ్‌కు పెట్టాలి. మీది, మీ ఆయనది, అమ్మాయి చూసే ట్యాబ్, అన్నీ. అలారానికి ఒక గడియారం కొనండి. ఈ నియమాన్ని తండ్రి తప్పితే కొడుకు పాటించడు, ఇందులో మొహమాటం లేదు. మొదటి వారం పన్నెండుతో మొదలుపెట్టి, నాలుగైదు రోజులకొకసారి అరగంట ముందుకు జరపండి. లేచే సమయాన్నీ అలాగే జరపాలి. లేవగానే వాణ్ని ఎండలోకి, కనీసం వాకిట్లోకి తీసుకురండి. పొద్దుటి వెలుతురు ఆ గడియారాన్ని సరిచేసినంత బాగా మీ కేకలు సరిచేయవు.

ఫోనులో ఏం చేస్తున్నాడో కూడా తెలుసుకోవాలి, దొంగతనంగా చూసి కాదు, అడిగి. పాత స్కూలు స్నేహితులతో కబుర్లయితే అది వాడికి ఇప్పుడు మందు లాంటిది, తీసేయకండి. ఆటలైతే వెంటనే ‘బానిసయ్యాడు’ అని ముద్ర వేయకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ గేమింగ్‌ను రుగ్మతగా గుర్తించిన మాట నిజమే. అయితే ఆట మీద అదుపు తప్పి, మిగతా బతుకంతా దెబ్బతిని, అది సాధారణంగా ఏడాదిపాటు సాగితేనే ఆ మాట వాడతారు. సెలవుల్లో రెండు వారాలు ఆడినందుకు కాదు.

డబ్బు ఆటల సంగతి వేరు, అక్కడ మెత్తదనం వద్దు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో పందెం పెట్టే ఆన్‌లైన్ ఆటలను నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం దేశమంతటా నిషేధించింది. అయినా బెట్టింగ్ లింకులు రహస్య గ్రూపుల్లో తిరుగుతూనే ఉన్నాయి, వాటి వెనకే అప్పు యాప్‌లు వస్తాయి. మీ బ్యాంకు ఖాతా సందేశాలు, యూపీఐ చెల్లింపులు ఒకసారి చూసుకోండి. ఎవరైనా వాడి ఫోటోతోనో వీడియోతోనో బెదిరిస్తున్నారని తేలితే డబ్బు కట్టకండి, సందేశాలు చెరపకండి, స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకుని సైబర్ నేరాల సహాయవాణి 1930కి ఫోను చేయండి. ఆ రోజు వాణ్ని ఒక్క మాట కూడా అనకండి. బెదిరించేవాడి బలమంతా ‘అమ్మానాన్నలకు తెలిస్తే చంపేస్తారు’ అన్న వాడి భయంలోనే ఉంటుంది.

అమ్మాయికి సొంత ఫోను ఇప్పుడు వద్దు, హాల్లో అందరికీ కనపడేలా వాడే ఫోనో ట్యాబో చాలు. ఆస్ట్రేలియా 2025 డిసెంబరు 10 నుంచి పదహారేళ్లలోపు పిల్లలకు సోషల్ మీడియా ఖాతాలే లేకుండా చేసింది. మన 2023 నాటి డేటా రక్షణ చట్టం పద్దెనిమిదేళ్లలోపు పిల్లల సమాచారం వాడుకోవడానికి తల్లిదండ్రుల సమ్మతి ఉండాలంటోంది. అలా అని చట్టం వచ్చి మన ఇంట్లో కాపలా కాయదు. అన్నకు కష్టం వచ్చినప్పుడు ఇంట్లో ఏం జరుగుతోందో ఆ పిల్ల చూస్తోంది, రేపు తనకొస్తే చెప్పాలో దాచాలో ఇప్పుడే నిర్ణయించుకుంటోంది. అన్న గురించి ఆమె దగ్గర గుసగుసలాడకండి, ఆరాలు తీయకండి.

మీ ఆయన గురించి. ఆయన కోపాన్ని భయంగా చదవండి. మన తరం మగవాళ్లలో చాలామందికి చదువు ఒక్కటే ఊరి నుంచి, అప్పుల నుంచి బయటపడేసిన తాడు. కొడుకు ఆ తాడు వదిలేస్తున్నాడని అనిపిస్తే చెయ్యి లేస్తుంది. ‘మొక్కై వంగనిది మానై వంగునా’ అంటారు. కానీ పదహారేళ్లు వచ్చిన కొడుకును స్నేహితుడిలా చూడమని చెప్పింది కూడా మన పెద్దలే, ఆ మాట మాత్రం ఎవరికీ గుర్తుండదు. ఆయనకు ఉపన్యాసం ఇవ్వకండి, ఒక పని అప్పగించండి. వారానికి ఒక పూట కొడుకును వెంట తీసుకెళ్లాలి, పొలానికో, దుకాణానికో, బండి రిపేరుకో. ఆ పూట చదువు ఊసు, ర్యాంకు ఊసు ఎత్తకూడదు. మొదట్లో ఇద్దరికీ నోట మాట రాదు, పరవాలేదు. తన పదహారో ఏట తాను దేనిలో తప్పాడో, ఎవరి ముందు తలవంచుకున్నాడో ఆయన ఒకసారి చెబితే, అది వంద హితవుల కంటే ఎక్కువ పని చేస్తుంది.

ఇప్పుడు చెప్పబోయేది రెండుసార్లు చదవండి. తిండి, నిద్ర పూర్తిగా తారుమారు కావడం, ఇష్టమైనవేవీ పట్టకపోవడం, ‘నేను లేకపోతే మీకే హాయి’ లాంటి మాటలు, తన వస్తువులు ఇతరులకు ఇచ్చేయడం, చేతుల మీద కోతలు, లేదా చాలా రోజుల దిగులు తర్వాత కారణం లేకుండా అకస్మాత్తుగా ప్రశాంతంగా కనిపించడం. వీటిలో ఏ ఒక్కటి కనపడినా సూటిగా అడగండి: ‘నాన్నా, చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా?’ అడిగితే లేని ఆలోచన పుడుతుందని చాలామంది తల్లులు భయపడతారు. పుట్టదు. ఒంటరిగా మోస్తున్న బరువును పంచుకోవడానికి దారి దొరుకుతుంది. అవునంటే ఆ రాత్రి వాణ్ని ఒంటరిగా వదలకండి. ఇంట్లో పురుగుమందు డబ్బాలు, నిద్రమాత్రలు, తాతగారి గుండె మందులు అన్నీ అందుబాటులో లేకుండా వేరే ఇంటికి చేర్చండి. చిన్న పనిలా కనిపిస్తుంది కానీ ఆవేశం ఉండేది కాసేపే, ఆ కాసేపు చేతికి ఏదీ అందకపోవడమే ప్రాణం నిలబెడుతుంది.

14416 నంబరు రాసిపెట్టుకోండి. ఇది 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య సహాయవాణి, టెలీమానస్. రాత్రీపగలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు, తల్లిదండ్రులు కూడా చేయవచ్చు. హాస్టల్లో కొట్టడం, వేధించడం బయటపడితే పిల్లల సహాయవాణి 1098కి చేయండి. మానసిక వైద్యుడికి చూపించాలంటే హైదరాబాద్ ఎర్రగడ్డలోనూ విశాఖ చినవాల్తేరులోనూ ప్రభుత్వ మానసిక ఆసుపత్రులు ఉన్నాయి, జిల్లా కేంద్రంలోని ప్రభుత్వాసుపత్రిలో కూడా అడగవచ్చు. ‘పిచ్చాసుపత్రికి తీసుకెళ్లారు’ అని బంధువులు అనుకుంటారన్న జంకు ఉంటే, బంధువులకు చెప్పకండి. చెప్పాల్సిన అవసరం లేదు.

చివరిగా హాస్టల్‌కు పంపడం. ఇప్పుడే బలవంతంగా దింపి రాకండి, ఎప్పటికీ పంపనని మాట ఇవ్వకండి. ఒక వారం గడువు తీసుకుని, కారణం తెలుసుకుని, ఆ తర్వాత మీరిద్దరూ వాణ్ని వెంటబెట్టుకుని కాలేజీకి వెళ్లండి. వార్డెన్‌తో సరిపెట్టుకోకుండా ప్రిన్సిపాల్‌ను కలవండి. వెళ్లే ముందు ఒక విషయం తెలుసుకోండి. విశాఖలో నీట్ శిక్షణ తీసుకుంటున్న ఒక విద్యార్థిని మరణం కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో దేశంలోని విద్యాసంస్థలు, కోచింగ్ కేంద్రాలు, హాస్టళ్లన్నిటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న చోట అర్హత ఉన్న కౌన్సెలర్ ఉండాలి. మార్కులను బట్టి పిల్లలను బ్యాచ్‌లుగా విడదీయడం, అందరి ముందు అవమానించడం మానుకోవాలి. బతిమాలుతున్నట్టు కాకుండా, తెలిసి వచ్చినట్టు అడగండి: మీ కౌన్సెలర్ ఎవరు, మా అబ్బాయి ఎప్పుడు కలవవచ్చు? వాణ్ని ఏ సెక్షన్ నుంచి ఏ సెక్షన్‌కు మార్చారు, ఎందుకు? గది మార్చగలరా? వెనకబడిన పాఠాలు ఎవరు చెబుతారు? మార్కుల సందేశాలు నాకు పంపడం కొన్నాళ్లు ఆపుతారా?

జవాబులు సూటిగా వస్తే, వాడు కూడా సరేనంటే, దీపావళి దాకా ప్రయత్నించి చూడండి. దాటవేస్తే దగ్గర్లోని కాలేజీలో ఇంటి నుంచి వెళ్లి చదివే ఏర్పాటు చూడండి. మారడానికి ఇంటర్ బోర్డు నిబంధనలు, గడువులు ఉంటాయి కనుక ఆ మాట ప్రిన్సిపాల్‌ను అప్పుడే అడిగి రండి. కట్టిన ఫీజులో కొంత పోవచ్చు. మొదటి సంవత్సరం పరీక్షల్లో ఏదైనా తప్పినా వేసవిలోనే అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ ఉంటుంది. ఐఐటీ లక్ష్యాన్ని పక్కన పెట్టి బోర్డు పరీక్షలకూ ఎంసెట్‌కూ (ఇప్పటి ఈఏపీసెట్) మాత్రమే చదివి ఇంజినీర్లైనవాళ్లు నా విద్యార్థుల్లోనే బోలెడంతమంది ఉన్నారు. వాడు ఎంపీసీయే వద్దంటే ఆ మాటను ఈ వారం తేల్చకండి. నిద్ర కుదుటపడి, కడుపునిండా తిని, నాలుగు మాటలు మాట్లాడే స్థితికి వచ్చాక వాడితో కూర్చుని మాట్లాడండి. ప్రిన్సిపాల్ గదిలో ఏం చెప్పారో ఇక్కడ రాయండి, తర్వాత ఏం చేయాలో అప్పుడు చూద్దాం.